మాదిరి తుపాకి

తుపాకులు చేసిన చేతులివి అంటే మా వీధి పిల్లలు పకపకా నవ్వుతారు. నవ్వనీ. అవి పేలే తుపాకులని నేనెప్పుడూ అనలేదు. మేం చేసినవి కొయ్య తుపాకులు. పోలీసుల్లో కొత్తగా చేరినవాళ్లు భుజాన పెట్టుకుని కవాతు నేర్చుకోవడానికి పనికివచ్చేవి. ఒక్కటి కూడా పేలకూడదన్నది మొదటి షరతు. ఆ షరతును మేం పూర్తిగా నిలబెట్టుకున్నాం. మిగతా షరతుల సంగతే ఇక్కడ రాస్తున్నాను.

నాకు అక్షరాలు వచ్చింది పని మానేశాక. పెద్ద మాటలు రావు, చిన్నవాటితోనే సర్దుకోండి. వడ్రంగంలోకి రావాలనుకునే పిల్లలు చదివితే సంతోషం. ఎవరి పేర్లూ రాయను. ఇందులోని పెద్దవాళ్లంతా కాలం చేశారు గానీ, వాళ్ల పిల్లలూ మనవళ్లూ కర్నూలు పక్కనున్న మా కల్లూరులోనే ఉన్నారు. కూరగాయల అంగడి దగ్గర రోజూ ఎదురుపడతారు.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. మద్రాసు నుంచి విడిపోయి వచ్చిన ప్రభుత్వానికి ఊళ్లో మిద్దెలు చాలక గుడారాలు వేశారు. ఏ గుడారంలో ఏ ఆఫీసు ఉందో అందులో పనిచేసే గుమాస్తాలకే సరిగా తెలిసేది కాదు. గట్టిగా గాలి వీస్తే ఒక ఆఫీసు లేచి పక్క ఆఫీసు మీద పడేది. అంతమంది దొరలకు కాపలా కాయడానికి పోలీసులు కావాలి. పోలీసులకు తుపాకులు కావాలి. ఉన్న తుపాకులన్నీ కాపలాలో నిలబడితే కొత్త కుర్రాళ్లు దేనితో కవాతు నేర్చుకోవాలి? మొదట్లో వాళ్లకు వెదురు కర్రలు ఇచ్చారు. కర్రలు భుజాన పెట్టుకుని మైదానంలో తిరుగుతుంటే దారిన పోయే వాళ్లు ఆగి, "ఏమప్పా, గొర్రెలు యాడ తప్పిపోయినాయి?" అని పరామర్శించారట. ఆ పరామర్శలు భరించలేక ఎవరో కొయ్య తుపాకుల ఆలోచన చేశారు.

ఆ పని కల్లూరులో మా మేస్త్రి కొట్టానికి వచ్చింది. మేస్త్రి ఎద్దుల బండ్లు చేసేవాడు. ఆయన తండ్రీ తాతా కూడా బండ్లే చేశారు. నల్లతుమ్మ కొయ్యను చూస్తే చాలు, ఇందులో చక్రానికి ఎన్ని ఆకులు వస్తాయో చెప్పేవాడు. అయితే వానలు సరిగా లేక నాలుగైదేళ్లుగా బండి చేయించుకునే రైతు కరువయ్యాడు. వచ్చేవాడు కూడా పాత చక్రానికి ఒక ఆకు మార్పించుకుని, కొత్త బండి కొన్నంత బేరం చేసి పోయేవాడు.

కొట్టంలో ఆడవాళ్లం ఇద్దరం. ఒకరు అవ్వ. మేస్త్రికి కూడా అవ్వే, ఊరందరికీ అవ్వే. తయారైన కొయ్యకు నూనె పట్టించడం ఆమె పని. రెండోది నేను. గరుకు కాగితంతో కొయ్యను రుద్ది నున్నగా చేయడం నా పని. నా మొగుడు మిల్లు పనికని బళ్లారి పోయి, మిల్లు బాగుందేమో, తిరిగి రాలేదు. ఇంట్లో నేనూ మా అమ్మా. గరుకు కాగితం పనిలో ఉండే చిక్కేమిటంటే, అది బండి పూర్తయిన నాడే ఉంటుంది. బండి లేకపోతే ఇంట్లో కూర్చోవాలి. ఉలి పట్టినవాళ్లకు అలా కాదు. చక్రం కొత్తదైనా పాతదైనా ఆకు దిగే బెజ్జం ఏదో ఒకటి, మా మాటలో తొలి, వేయాలి, ఏదో ఒక ముక్క చెక్కాలి. ఉలి పడితే ఏడాది పొడవునా కూలి. అందుకని నా కన్నంతా ఉలి మీదే.

ఒక మధ్యాహ్నం మేస్త్రి అన్నానికి పోయినప్పుడు, ఆయన చిన్న ఉలి తీసుకుని తుమ్మ చెక్కతో ఒక తెడ్డు చెక్కాను. తోక దగ్గర సన్నగా నాలుగు గీతలు కూడా పెట్టాను. ఆయన వచ్చి చూశాడు.

"ఎవరు మే, ఉలి ముట్టింది?"

"నేనే పెద్దనాయనా."

"ఆడోళ్లు ముట్టే వస్తువా అది? మా తాత నాటి నుంచి ఈ కొట్టంలో ఆడమనిషి ఉలి పట్టిండ్లేదు."

"పడితే ఏమవుతాది?"

"ఏమవుతాదో మా తాత చెప్పలేదు. పట్టిండ్లేదు, అంతే."

ఉలిని కడిగి, పసుపు రాసి, గూట్లో పెట్టాడు. తెడ్డును మాత్రం కడగలేదు. సాయంత్రం దాన్ని సంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. వారం తరువాత వాళ్లింట్లో సంగటి గెలుకుతున్నది ఆ తెడ్డుతోనే అని అవ్వ నా చెవిలో వేసింది.

ఇక తుపాకి దగ్గరకు వస్తాను.

మాదిరి తుపాకిని ఒక హవల్దారు సాయిబు తెచ్చాడు. పెద్ద మీసాలు, యుద్ధంలో ఎక్కడెక్కడో తిరిగి వచ్చిన మనిషి. ఇద్దరు కానిస్టేబుళ్లు కాపలాగా వచ్చారు. తుపాకి గొళ్లెం తీసి పోలీసు లైనులోనే తాళం వేసి వచ్చాడట. గొళ్లెం లేని తుపాకి పలుగుతో సమానమని ఆయనే చెప్పాడు. మూడు పొద్దులు కొలతలు తీసుకోమనీ, తరువాత వెనక్కి తీసుకుపోతాననీ అన్నాడు. కొట్టంలో నులక మంచం వేయించుకుని, బీడీ ముట్టించి, తుపాకిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే పుట్టిన బిడ్డను ఎత్తుకున్నట్టే ఉంది.

"చూడు మేస్త్రీ, ఇది అచ్చంగా మన తుపాకి. బెంగాలులో మన కార్ఖానాలో మనోళ్లు చేసినారు. ఇంగ్లీషోళ్లు చేసింది గాదు."

మేస్త్రి కొలతాడు పక్కన పెట్టి తుపాకిని తిప్పి చూశాడు. "అచ్చంగా మనదే అయితే, ఈ ఇనుము మీద కిరీటం గుర్తు ఏందప్పా?"

"అది... అప్పుడు మనం వాండ్ల కింద ఉంటిమి గదా. గుర్తు వాండ్లది. చేయి మనది."

"ఆలోచనో?"

సాయిబు బీడీ ఒక దమ్ము లాగాడు. "ఆలోచన వాండ్లదే అనుకో. వాండ్లది గూడా మొత్తం వాండ్లది గాదు. గొళ్లెం సంగతి అమెరికాలో ఉండే ఒకాయన కనిపెట్టినాడంట. గొట్టం లోపల మెలికల గాట్లు ఉంటాయి, అవి లండను పక్క ఊరోళ్లు పెట్టినారు. రెండూ కలిపి ఇంగ్లీషోళ్లు ఒక తుపాకి చేసుకున్నారు. దాన్ని చూసి మనోళ్లు దీన్ని చేసినారు."

నూనె గుడ్డ పిండుతున్న అవ్వ తలెత్తింది. "గొళ్లెం ఒకరిది, గొట్టం ఇంకొకరిది. మరి మనదేముండాది సాయిబూ దీంట్లో?"

"ఉండాది అవ్వా, ఎందుకు లేదు? ఇదో." సాయిబు తుపాకిని పక్కకు తిప్పి, కొయ్యలో అడ్డంగా దిగిన ఒక మరమేకును గోటితో చూపించాడు. "కొయ్య మన దేశంది. మన ఎండకు కొయ్య చీలతాదని, చీలకుండా ఈ మర అడ్డంగా వేసింది మనోళ్లు. ఇంగ్లీషోళ్ల తుపాకికి ఈ మర ఉండదు."

"ఇంత తుపాకికి మనది ఒక మరనా!"

"అవ్వా, ఆ మర లేకపోతే కొయ్య రెండు చీలికలయితాది!"

"అయితాది, అయితాది. నేను కాదంటినా? ఒక మరైనా మనదుండాది గదా, మంచిదే."

సాయిబు ఆ రోజంతా అవ్వ వైపు మంచం తిప్పలేదు.

ఆ తుపాకికి ముందు భాగంలో, ఎడమ చేయి పట్టే చోట, జానెడు పొడవున కొయ్య చుట్టూ సన్నని తీగ ఒత్తుగా చుట్టి ఉంది. భుజానికి ఆనించే మడమ కింది మూలన కొయ్య బొటనవేలంత ముక్క ఎగిరిపోయి ఉంది. ఈ రెండూ నాకు మొదటి పొద్దే కనిపించాయి. కొయ్యను రుద్దేవాళ్లకు ముందు గరుకే కనిపిస్తుంది. సాయిబును అడగబోయాను. మేస్త్రి నా మోచేయి పట్టి కొట్టం వెనక్కి లాక్కుపోయాడు.

"మాదిరిని ప్రశ్నలు అడగరాదు మే."

"మాదిరిని కాదు పెద్దనాయనా, సాయిబును."

"ఎవరినైనా సరే. మాదిరి ఎట్లుంటే అట్ల చేయల్ల. మన బుద్ధి దాంట్లో దూర్చకూడదు."

ఆ నియమానికి ఒక కథ ఉంది. మేస్త్రి తండ్రి కాలంలో బనగానపల్లె వైపు రెడ్డి ఒకాయన పాత చక్రం మాదిరిగా తెచ్చి, అలాంటిదే కొత్త జత కావాలన్నాడు. పాత చక్రంలో ఒక ఆకు మిగతావాటికంటే లావు. పెద్దాయన అది ఎవరో చేసిన పొరపాటనుకుని అన్ని ఆకులూ సమానంగా చెక్కి ఇచ్చాడు. రెడ్డి చూసి, ఆ లావు ఆకే తనకు అచ్చివచ్చిందనీ, అది లేని బండి ఎక్కనే ఎక్కననీ కూర్చున్నాడు. చక్రాలు రెండూ విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఆ నాటి నుంచి ఆ కొట్టంలో మాదిరి అంటే దేవుడి విగ్రహంతో సమానం. ముక్కు వంకరగా ఉంటే వంకరగానే చెక్కాలి.

సాయిబు తనంతట తాను చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ తుపాకిని ఏళ్ల తరబడి చూసి చూసి ఆయనకు తీగ కనిపించడమే మానేసిందని తరువాత ఒప్పుకున్నాడు. మూడో పొద్దు సాయంత్రం తుపాకిని తీసుకుపోయాడు. ఆ వెంటనే ఆయనను ఒంటిమిట్ట తిరునాళ్ల బందోబస్తుకు పంపారు. అక్కడి నుంచి కడపలోనే ఇంకేదో పనికి ఉంచేశారు. మేం తుపాకులు పూర్తి చేసే దాకా ఆయన ముఖం మాకు కనిపించలేదు.

మేస్త్రి ముందుగా ఒక కొయ్య తుపాకి చేసి, దాన్నే మాదిరిగా గోడకు ఆనించాడు. గొట్టం కొయ్యదే, గొళ్లెం కొయ్యదే. బరువు సరిపోవడానికి లోపల ఇనుప కడ్డీ దిగేశాడు. మడమ మూల ముక్క ఎగిరిన చోటు కూడా అచ్చంగా దింపాడు. మామూలుగా అయితే ముక్క దానంతట అదే ఎగరాలి. ఈయన దాన్ని కొలిచి, గీసి, రంపంతో కోసి, ఎగిరినట్టు కనిపించడానికి అంచులు చెదరగొట్టాడు. అంత కష్టపడి పగలగొట్టిన కొయ్యను నేను మళ్లీ చూడలేదు.

చిక్కంతా తీగ దగ్గర వచ్చింది. నిజం తీగ చుట్టకూడదు, ఖర్చు. కొయ్యలోనే తీగ చుట్టినట్టు సన్నని వరసలు చెక్కాలి. అందుకోసం ఆ చోట కొయ్యను కొంచెం లావుగా వదిలాడు. కానీ ఆయన చేతులు ఇరుసులు దించే చేతులు. ఉలి పెడితే తీగ రాలేదు, కొబ్బరి తాడు వచ్చింది. రెండోసారి నొగకు కట్టే మోకు వచ్చింది. రంపం లాగే కూలీలిద్దరూ ప్రయత్నించారు. వాళ్లు చెక్కింది చూసి అవ్వ, "ఇది పాము చర్మమా, పనసకాయనా?" అని అడిగింది.

ఆ రాత్రి ఆయన ఇంట్లో సంగటి తిన్నాడో, తింటూ తెడ్డు తోక వైపు చూశాడో నాకు తెలియదు. మరునాడు పొద్దున చిన్న ఉలి నా ముందు పెట్టాడు. నా ముఖం చూడలేదు, కొట్టం కప్పు వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఈ తీగ పని మటుకు నువ్వు చెయ్యి. పోలీసు దొర తుపాకులు ఒప్పుకుంటే, ఉలి నీది. ఏడాదంతా పనిలో ఉండు."

"ఒప్పుకోకపోతే?"

"మళ్లీ గరుకు కాగితమే. ఉలి మాట ఎత్తగూడదు."

"మీ తాత ఏమంటాడో పెద్దనాయనా?"

"మా తాత తుపాకులు చేసిండ్లేదు. ఆయనకు ఈ సంగతి పట్టదులే."

ఆ నెలన్నర నేను మనిషిలా లేను. ప్రతి తుపాకి మీదా వరసకు వరస ఆనుకుని, ఎక్కడా తెగకుండా, కొస దగ్గర తీగ మెలేసి లోపలికి దోపిన చోటు కూడా చెక్కాను. చేతి వేళ్లు బొబ్బలెక్కి, పగిలి, కాయలు కాశాయి. పూర్తయిన తుపాకుల మీద వేలితో రాసి చూసుకుంటూ, ఇది ఇక నా బతుకు అనుకున్నాను. మా అమ్మతో కూడా అన్నాను, ఇక పని లేని రోజులుండవని. కొయ్య చెక్కితే బతుకు స్థిరపడుతుందా అని ఆమె అడిగింది. తుపాకులు కదమ్మా, ప్రభుత్వం పని అన్నాను.

అప్పగించే రోజు మా సొంత బండిలోనే తుపాకులు వరసగా పేర్చుకుని బయలుదేరాం. మేస్త్రి బండి తోలాడు. నేనూ అవ్వా వెనుక కూర్చున్నాం. కప్పడానికి బొంత తెచ్చాం గానీ చాలలేదు. బండి కర్నూలు చేరేసరికి మడమలన్నీ ఒక వైపు బయటికి వచ్చి కనిపిస్తున్నాయి. వంతెన దాటగానే టీ అంగడి దగ్గర కూర్చున్న ఇద్దరు రైతులు లేచి నిలబడ్డారు. మా వైపు ఊళ్లలో తగాదాలు మీకు తెలియనివి కావు.

"ఏమప్పా, ఏ ఊరి మీదికి?" అని ఒకడు అడిగాడు.

"ఏ ఊరి మీదికీ లేదు. పోలీసోళ్లకు ఇచ్చేదానికి," అన్నాడు మేస్త్రి.

"పోలీసోళ్లకు ఆడోళ్లు తుపాకులు ఇచ్చేటంత కాలం వచ్చెనా! మాకు జత దొరుకుతాయా?"

"పేలవు నాయనా," అంది అవ్వ.

"పేలకపోయినా పర్వాలేదమ్మా, మా ఎదురింటోడికి ఆ సంగతి తెల్దు గదా!"

మేస్త్రి ఎద్దులను గట్టిగా అదిలించాడు.

పెరేడు మైదానంలో కొత్త కుర్రాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. కడప నుంచి తిరిగి వచ్చిన హవల్దారు సాయిబు మమ్మల్ని చూసి మీసం దువ్వుకున్నాడు. దొర వచ్చాడు. ఆయన కోస్తా మనిషి. పుస్తకం చదివినట్టు మాట్లాడేవాడు. ఒక తుపాకి అందుకుని బరువు చూశాడు. భుజానికి ఆనించాడు. "చాలా బాగుంది" అన్నాడు. మేస్త్రి నా వైపు ఒక చూపు చూశాడు. ఇక ఉలి నాదే అనుకున్నాను.

దొర ఆ తుపాకిని కిందకు దించుతూ మడమ వైపు చూశాడు.

"ఇదేమిటి, ఇక్కడ ముక్క ఎగిరిపోయింది. బండిలో తగిలిందా?" దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి అందుకున్నాడు. "దీనికీ పోయింది." మూడోది తీశాడు. నాలుగోది తీశాడు. తరువాత బండి దగ్గరకు నడిచి, బయటికి కనిపిస్తున్న మడమలన్నిటి మీదా చూపు తిప్పాడు. అన్నిటికీ ఒకే మూలన, ఒకే బొటనవేలంత.

"మేస్త్రీ, ఇన్ని తుపాకులు ఒకే చోట ఎలా పగిలాయయ్యా?"

"పగల్లేదు సామీ. పగలగొట్టినాము. మాదిరిలో ఉండాది."

వరసలో నిలబడ్డ కుర్రాళ్లలో ఎవరో కిసుక్కుమన్నాడు. సాయిబు అటు చూసేసరికి ఆగిపోయాడు. దొర ముఖంలో నవ్వు లేదు. ఆయన వేలు ముందు భాగం దగ్గర ఆగింది.

"ఇక్కడ ఈ గీతలేమిటి?"

"తీగ సామీ."

"తీగా?"

"మాదిరికి తీగ చుట్టి ఉండాది. కొయ్యలో దింపినాము."

దొర నెమ్మదిగా హవల్దారు వైపు తిరిగాడు. "మాదిరికి ఏ తుపాకి ఇచ్చావు?"

సాయిబు అటెన్షన్‌లో నిలబడ్డాడు. "మంచియన్నీ కాపలాలో ఉండాయి సార్. మూలన పడుండేది ఒకటి ఉంటే... గొట్టం మూతికి తగిలించి బాంబులు విసిరేదానికి వాడినది సార్, యుద్ధంలో. కొయ్య చీలకుండా తీగ చుట్టినారు. మడమ అంతకుముందే పగిలి ఉండె."

అప్పుడు మాకు తెలిసింది. నేను నెలన్నర చెక్కింది తుపాకి కాదు. దాని కట్టు. దెబ్బ తగిలిన కాలికి గుడ్డ చుట్టి ఉంటే, బొమ్మ చేసేవాడు ఆ గుడ్డను కూడా చెక్కినట్టు.

దొర కోపంగానే మొదలుపెట్టాడు. చూసినదంతా చెక్కడమేనా, కాస్త బుర్ర పెట్టవద్దా, ఒక్క మాట అడగవద్దా అన్నాడు. మేస్త్రి తలవంచుకుని అంతా విన్నాడు. విని, చేతులు కట్టుకునే ఒక మాట అన్నాడు.

"తప్పే సామీ. కానీ ఒక సంగతి. మన నిజం తుపాకి గూడా వేరేవాళ్ల మాదిరి చూసే చేసినారని సాయిబు చెప్పినాడు. గొళ్లెం ఒకరిది, గొట్టం ఒకరిది. ఆ కార్ఖానావోళ్లు మాదిరికి గీత తప్పకుండా చేస్తే దేశానికి గొప్ప అంటిరి. మేము గీత తప్పకుండా చేస్తే బుర్ర లేదంటిరి."

దొర మీసం కింద నవ్వు కదిలింది.

"గొప్పేనయ్యా. కానీ వాళ్లు పగిలిన తుపాకిని మాదిరి పెట్టుకోలేదు. పైగా మన ఎండ చూసుకుని ఒక మర సొంతంగా వేశారు. మీరు మరను వేశారా?"

మేస్త్రి తుపాకి పక్కకు తిప్పి చూపించాడు. మర ఉంది. కొయ్యతో చెక్కిన మర, గీతతో సహా.

దొర ఇక ఆపుకోలేకపోయాడు. ఆయన నవ్వితే సాయిబు నవ్వాడు, సాయిబు నవ్వితే కుర్రాళ్లంతా నవ్వారు. మేం ముగ్గురం మాత్రం ఆ మైదానంలో నవ్వకుండా నిలబడ్డాం.

నవ్వయ్యాక దొర ఆ తీగ వరసల మీద బొటనవేలితో మెల్లగా రాశాడు. "ఇది ఎవరు చెక్కారు?"

మేస్త్రి తనే అని అనవచ్చు. అలా అంటాడనే అనుకున్నాను. "ఈ పాప" అన్నాడు.

దొర నన్ను చూశాడు. "అచ్చంగా తీగ చుట్టినట్టే ఉందమ్మా. చాలా బాగా చెక్కావు." తుపాకిని నా చేతిలో పెట్టాడు. "తీసేయండి. అన్నిటికీ. ముక్కలు కూడా పూడ్చి తీసుకురండి."

నా పనిని ఒక పెద్ద మనిషి మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ మెప్పు ఎంతసేపు నిలిచిందంటే, ఆయన ఊపిరి తీసుకునేంతసేపు.

బండి మళ్లీ నిండుగానే వెనక్కి తిరిగింది. వంతెన దగ్గర ఆ ఇద్దరు రైతులు ఇంకా టీ తాగుతూనే ఉన్నారు. "ఏమప్పా, అప్పుడే రాజీ అయిపాయనా?" అని కేకేశారు. అవ్వ వాళ్లకు ఏదో జవాబు చెప్పింది. దాన్ని ఇక్కడ రాయను. మేస్త్రి దారి పొడవునా ఎద్దుల తోకల వైపే చూశాడు. కొట్టం చేరాక నేను చిన్న ఉలిని తుడిచి ఆయన గూట్లో పెట్టేశాను. పసుపు ఎక్కడుందో తెలియలేదు, లేకపోతే అదీ రాసేదాన్నే. ఇంటికి పోయాను. మా అమ్మ నా ముఖం చూసి పొయ్యి దగ్గరికి పోయి అంబలి కలిపింది.

మరునాడు పొద్దున గరుకు కాగితం తీసుకుని తుపాకుల దగ్గర కూర్చున్నాను. మేస్త్రి మడమలకు ముక్కలు అతుకుతున్నాడు. తను కష్టపడి పగలగొట్టిన చోట తనే కష్టపడి పూడ్చుకుంటున్నాడు. కాసేపు నన్ను చూశాడు.

"ఏం చేస్తాండావు?"

"గీతలు రుద్దుతాండా."

"గరుకు కాగితంతో రుద్దితే ఉగాదికి గూడా పోవు అవి. శానా లోతుగా దించితివి." లేచి చిత్రిక తెచ్చి నా ముందు పెట్టాడు. "దీంతో పట్టు."

"నేనా?"

"నేను పడితే గీతలతో పాటు తుపాకి గూడా పోతాది. యాడ ఎంత దించినావో నీకే తెలుసు."

చిత్రిక పట్టడం ఉలి పట్టడం కంటే పెద్ద పని అని అప్పట్లో మా కొట్టంలో లెక్క. ఆ సంగతి ఆయనకు గుర్తు లేదేమో అనుకుని నేను గుర్తు చేయలేదు. మొదటి తుపాకిని పాడు చేశానని వేరే చెప్పక్కర్లేదు. ఆయన పక్కకు వచ్చి, నా మణికట్టు మీద రెండు వేళ్లు వేసి నొక్కి చూపించాడు. రెండోది కొంచెం నయం. చిత్రిక ముందుకు పోయినప్పుడల్లా నా తీగ వరసలు చుట్టలు చుట్టలుగా లేచి కింద పడ్డాయి. ఒక్కో చుట్టలో గీతలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని చూడకూడదనుకుని చూశాను. అవ్వ ఆ చుట్టలన్నీ చేటలో ఎత్తుకుపోయి పొయ్యిలో వేసింది. కాసేపటికి లోపలి నుంచి కేక.

"మే, నీ తీగ శానా బాగా మండుతాంది! రెండు వరసలకే ఎసరు కాగిపాయ!"

ఆ రోజు ఏడవాల్సిన దాన్ని నవ్వాను.

ఈసారి తుపాకులు అప్పగించిన రోజున ఏ విశేషమూ లేదు. దొర రాలేదు. సాయిబే ఒక్కొక్కటి చేత్తో తడిమి చూసి తీసుకున్నాడు. నున్నగా, ముక్కలు అతికి, ఎక్కడా గాయం లేని తుపాకులు. అడ్డంగా వేసిన కొయ్య మరను మాత్రం తీయమనలేదు. మనదే కదా ఉండనీ అన్నాడట దొర.

తిరిగి వచ్చాక కొట్టంలో పని లేదు. గరుకు కాగితానికి కొయ్య లేదు. రేపటి నుంచి ఇంట్లో ఉండాల్సిందే అనుకుంటూ నా కొంగు దులుపుకుంటున్నాను. మేస్త్రి ఒక పాత చక్రం కుండను, అంటే ఆకులన్నీ దిగే నడిమి దిమ్మను, దొర్లించుకుంటూ వచ్చి నా ముందు నిలిపాడు. ఒక ఆకు తొలి పగిలిపోయి ఉంది. గూట్లో నుంచి చిన్న ఉలి తీసి కుండ మీద పెట్టాడు.

"ఇది సరిచెయ్యి."

"దొర ఒప్పుకోలేదు గదా పెద్దనాయనా. ఒప్పుకుంటేనే ఉలి అంటివి."

మేస్త్రి కొట్టం కప్పు వైపు చూశాడు. తరువాత కప్పు మీద ఏమీ దొరకలేదేమో, నా వైపే చూశాడు.

"దొర ఏమన్నాడు? బాగా చెక్కినావు, తీసెయ్ అన్నాడు. ఆయన తీసేయమనింది తీగను. నిన్ను గాదు."

అంతటితో ఆ సంగతి అయిపోయింది. ఆయన తాత ఆ రాత్రి కలలోకి వచ్చాడో లేదో మాకు చెప్పలేదు.

మీరు అడగవచ్చు, మరి మాదిరిని ప్రశ్నలు అడగరాదన్న నియమం ఏమైందని. ఆరు నెలలకు ఒక బడి పంతులు బెంచీ ఒకటి మాదిరిగా మోయించుకుని వచ్చాడు. అలాంటివే బడికి సరిపడా కావాలన్నాడు. మేస్త్రి బెంచీని నేల మీద పెట్టి కదిపి చూశాడు. ఒక కాలు పొట్టి. మళ్లీ కదిపాడు. బెంచీ టకటకమంది. నేను కుండలో తొలి వేస్తూ ఉలి ఆపి చూస్తున్నాను. ఆయన పంతులు గారి ముందుకు వంగి, చాలా మర్యాదగా అడిగాడు.

"సామీ, ఈ కాలు పొట్టి ఉండాది. ఇది కావాలని పెట్టించినారా, ఖర్మకొద్దీ వచ్చెనా?"

నాకు నవ్వు ఆగలేదు. మేస్త్రి వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"నవ్వొద్దు మే. ఉలి జారితే వేలు పోతాది. అప్పుడు నీ వేలు మాదిరిగా పెట్టుకుని ఇంకో వేలు చెక్కల్ల నేను."